కార్డు మీద రెండో గీత ఇంకా ఎందుకు కనిపిస్తోంది?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి, తొలి నెలల్లో గర్భం పోయాక పదే పదే చేయించమనే ఆ బీటా హెచ్‌సీజీ (గర్భం హార్మోను) రక్తపరీక్ష గురించి. అందుకే మిగతావి వచ్చే నెలకి పెట్టి ఇవన్నీ ఒకచోట చేర్చా. పేర్లు తీసేశాం, ఊళ్లు మాత్రం ఉంచాం.

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది విజయవాడ భవానీపురం, నాకు 28 ఏళ్లు, పెళ్లయి రెండేళ్లు. ఏడో వారంలో స్కానింగ్ చేస్తే గర్భసంచిలో శాక్ (పిండం పెరిగే సంచి) ఉంది కానీ గుండె కొట్టుకోవట్లేదన్నారు. ఆ రోజు బీటా 6,420. మర్నాడే బ్లీడింగ్ మొదలై ఇంట్లోనే అంతా పడిపోయింది. రెండ్రోజులకి చూస్తే 2,610, ఆ తర్వాత వారానికి 380, ఇంకో వారానికి 94. డాక్టర్ గారేమో 5 లోపు వచ్చేదాకా చేయించాలంటున్నారు. అత్తయ్య ఏమో అంతా అయిపోయాక ఇంకా ఈ రక్తం లాగడం ఏంటి, ల్యాబ్ వాళ్లని బతికించడానికా అంటున్నారు. నేను రోజూ పొద్దున్నే ప్రెగ్నెన్సీ టెస్టు కార్డు మీద చూసుకుంటున్నా, రెండో గీత లేతగా వస్తూనే ఉంది. లోపల ఏమైనా మిగిలిపోయిందా లేక మళ్లీ ప్రెగ్నెన్సీ వచ్చిందా? ఇంకోటి, స్కూటీ మీద బెంజి సర్కిల్ దాకా ఆఫీసుకి వెళ్లినందుకే పోయిందని అందరూ అంటున్నారు, నిజమేనా?

జవాబు: ముందు చివరి మాటకే జవాబు చెప్తానమ్మా, ఎందుకంటే మిగతా నంబర్ల కన్నా అదే మిమ్మల్ని ఎక్కువ తినేస్తున్నట్టుంది. స్కూటీ వల్ల కాదు. మెట్లు ఎక్కినందుకో, బిందె ఎత్తినందుకో, బొప్పాయి ముక్క తిన్నందుకో కూడా కాదు. తెలిసిన ప్రతి వంద గర్భాల్లో పది నుంచి ఇరవై దాకా ఇలా తొలి నెలల్లోనే పోతాయి, వాటిలో దాదాపు సగానికి కారణం పిండంలో క్రోమోజోములు సరిగ్గా కుదరకపోవడం, అది అండం, వీర్యకణం కలిసిన మొదటి గంటల్లోనో రోజుల్లోనో తేలిపోయే సంగతి, అప్పటికి మీకు నెల తప్పిందని కూడా తెలీదు. ఈ పేరా అత్తయ్య గారికి చదివి వినిపించండి, నా మీద కోపం వచ్చినా పర్లేదు.

ఇక మీ నంబర్లు. హెచ్‌సీజీ అనేది మాయ తయారుచేసే హార్మోను, అంటే బిడ్డ చుట్టూ పెరిగే ఆ కణాలు వదిలేది. గర్భం లేనివాళ్లలో ఇది 5 మిల్లీ యూనిట్ల లోపే ఉంటుంది, గర్భం నిలిస్తే తొమ్మిది పది వారాలకి లక్ష దాకా, కొందరికి రెండు లక్షలు దాటి కూడా పోతుంది. రిపోర్టు మీద బీటా అని ఎందుకు రాస్తారో కూడా చెప్పేస్తా, ఈ హార్మోనుకి రెండు భాగాలు ఉంటాయి, అందులో ఆల్ఫా అనేది థైరాయిడ్‌ని నడిపే టీఎస్‌హెచ్‌లోనూ, అండం విడుదల చేయించే ఎల్‌హెచ్‌లోనూ అచ్చం అలాగే ఉంటుంది, కాబట్టి దాన్ని కొలిస్తే ఏది ఏదో తెలీదు, బీటా భాగం మాత్రం దీనికే సొంతం. 1972లో ఆ భాగాన్ని పట్టుకుని కొలిచే పద్ధతి వచ్చాకే ఇంత తక్కువ మోతాదులు కూడా తెలుస్తున్నాయి.

మాయ కణాలు ఊడిపోయాక కొత్తగా తయారవడం ఆగిపోతుంది కానీ అప్పటికే రక్తంలో ఉన్నది ఒక్కరోజులో పోదు కదా. ప్రకాశం బ్యారేజీ దగ్గర లాకులు దించేశాక కూడా బందరు కాలువలో నీళ్లు కొంతసేపు పారుతూనే ఉంటాయి, ఇదీ అంతే. మొదట్లో రోజుకో రోజున్నరకో సగం అవుతుంది, కిందకి వచ్చేకొద్దీ నెమ్మదిస్తుంది. ఎంత ఎత్తు నుంచి దిగుతోంది అన్నదాన్ని బట్టి కొందరికి పది రోజుల్లో, కొందరికి ఐదారు వారాల్లో సున్నాకి వస్తుంది. మీకు మొదటి రెండ్రోజుల్లోనే దాదాపు 59 శాతం పడింది, తర్వాత 380 నుంచి 94కి వారంలో 75 శాతం పడింది. చాలా బాగా దిగుతోంది, ఇందులో కంగారు పడాల్సింది నాకేం కనపడలేదు.

మరి కార్డు మీద గీత? మెడికల్ షాపులో దొరికే కార్డులైనా, ఆశా కార్యకర్త ఇచ్చే నిశ్చయ్ కిట్ అయినా మూత్రంలో ఈ హార్మోను సుమారు 20, 25 మిల్లీ యూనిట్లు ఉంటే చాలు గీత చూపించేస్తాయి. మీ రక్తంలో ఇంకా 94 ఉంది, గీత రాకపోతేనే ఆశ్చర్యం. ఆ కార్డుకి పాత గర్భం తాలూకు హార్మోను ఏదో కొత్తది ఏదో తెలీదు, ఉందా లేదా అంతే చెప్తుంది, గీత నిన్నటి కన్నా ముదురుగా ఉందా లేతగా ఉందా అని ట్యూబ్‌లైట్ కింద పెట్టి ఫోన్‌లో ఫొటోలు తీసి పోల్చుకోవడం వల్ల నిద్ర పాడవడం తప్ప ఒరిగేదేం లేదు, ఎందుకంటే పొద్దున మూత్రం చిక్కగా ఉందా మంచినీళ్లు ఎక్కువ తాగారా అన్నదాన్ని బట్టి కూడా అది మారిపోతుంది. రోజూ చూసుకోవడం ఇవాళే ఆపేయండి.

అత్తయ్య గారి అనుమానం గురించి. ఊరికే టెస్టులు రాసే చోట్లు లేవని నేను అనను, ఉన్నాయి. మీ విషయంలో మాత్రం డాక్టర్ చెప్పింది సరైనదే, దానికి రెండు కారణాలు. ఒకటి, ముక్కలేమైనా లోపల మిగిలితే నంబరు ఒకచోట ఆగిపోయి కదలకపోవచ్చు. రెండోది చాలామందికి చెప్పరు, మీకు ఇంట్లోనే పడిపోయింది కాబట్టి ఆ కణజాలం బయాప్సీకి వెళ్లలేదు, అది మామూలు గర్భమా లేక ముత్యాల గర్భమా (మాయ ద్రాక్షగుత్తిలా ఉబ్బే మోలార్ ప్రెగ్నెన్సీ) అని మైక్రోస్కోపు కింద ఎవరూ చూడలేదు. ముత్యాల గర్భమైతే కొందరికి హార్మోను పూర్తిగా దిగకుండా మధ్యలో మళ్లీ పైకి లేస్తుంది. నంబరు 5 కిందకి వచ్చేసిందంటే ఈ రెండు అనుమానాలూ చాలా మటుకు ఒకేసారి తీరిపోతాయి. అంతేగానీ రెండ్రోజులకోసారి చేయించక్కర్లేదు, ఇంత బాగా దిగుతున్నప్పుడు వారానికోసారి చాలు. శాక్ గర్భసంచిలోనే ఉందని ముందే స్కానింగ్‌లో తేలింది కాబట్టి, రక్తానికి బదులు గర్భం పోయిన మూడు వారాలకి ఒక్క కార్డు టెస్టు చేసుకుని గీత రాకపోతే అక్కడితో సరిపెట్టే పద్ధతి కూడా ఉంది, బ్రిటన్‌లో చాలామందికి అలాగే చెప్తారు. డబ్బు ఇబ్బందిగా ఉంటే మీ డాక్టర్‌ని ఆ మాట అడగండి, అడగడం తప్పు కాదు.

జ్వరం వచ్చినా, చెడు వాసన వచ్చినా, పొత్తికడుపు నొప్పి తగ్గకుండా ఉన్నా, గంటకి రెండు ప్యాడ్ల చొప్పున వరసగా రెండు గంటలు తడిసినా నంబరు కోసం ఆగకుండా వెంటనే వెళ్లిపోండి. ఇంకో సంగతి, ఈ మధ్యలో భార్యాభర్తలు కలిసి ఉంటే, రెండు వారాలకే అండం మళ్లీ విడుదల అయ్యే అవకాశం ఉంది. అప్పుడు దిగుతున్న నంబరు సడన్‌గా పెరిగితే అది కొత్త గర్భమా పాతది మిగిలిందా అని తేల్చుకోలేక మీరూ మీ డాక్టరూ ఇద్దరూ తల పట్టుకోవాలి, కాబట్టి ఒక పీరియడ్ వచ్చేదాకా కండోమ్ వాడమనండి మీవారిని.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది గుంటూరు, బ్రాడీపేట. ఈ మెయిల్ నా భార్య గురించి రాస్తున్నాను. ఆరో వారం, కొంచెం కొంచెం బ్లీడింగ్ అయ్యింది, స్కానింగ్‌లో గర్భసంచిలో ఏమీ కనిపించలేదు, అబార్షన్ అయిపోయి ఉంటుందన్నారు. బీటా 1,180 ఉంది. రెండ్రోజులకి 1,040, ఇంకో రెండ్రోజులకి 1,090. ఇప్పుడేమో అడ్మిట్ అవ్వాలి, ట్యూబ్‌లో (అండం గర్భసంచికి వచ్చే గొట్టంలో) ఉండొచ్చు అంటున్నారు. తనకి నొప్పేమీ లేదు, బాగానే తిరుగుతోంది, వంట చేస్తోంది. మా మామగారు ఇదంతా బిల్లు పెంచడానికే, వేరే ల్యాబ్‌లో చేయిద్దాం అంటున్నారు.

జవాబు: బాబూ, ఇది పత్రికలో వచ్చేదాకా ఆగే ప్రశ్న కాదు, అందుకే చూసిన రోజే మెయిల్‌లో జవాబు పంపాను, వెంటనే అడ్మిట్ చేయండి అని. ఇలాంటి పరిస్థితిలో ఇంకెవరైనా ఉంటారని ఇక్కడ మళ్లీ రాస్తున్నా.

ఒక్క నంబరు చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు, రెండు మూడు నంబర్ల మధ్య నడక చూడాలి. మామూలుగా గర్భం పోతే రెండ్రోజుల్లో కనీసం 21 నుంచి 35 శాతం పడాలి, మొదటి నంబరు ఎంత ఎక్కువుంటే అంత వేగంగా పడాలి. గర్భం నిలిచి పెరుగుతుంటే, 1,500 లోపు ఉన్నప్పుడు రెండ్రోజుల్లో కనీసం 49 శాతం పెరగాలి. మీ ఆవిడది అటు పెరగలేదు ఇటు పడలేదు, 12 శాతం తగ్గి మళ్లీ 5 శాతం లేచింది. గర్భసంచి ఖాళీగా ఉండి నంబరు ఇలా మధ్యలో ఊగుతుంటే, ట్యూబ్‌లో గర్భం కాదని తేలేదాకా అది ట్యూబ్‌లో గర్భమే అనుకుని నడవాలి. ‘అబార్షన్ అయిపోయి ఉంటుంది’ అనే మాట శాక్ ముందే గర్భసంచిలో కనిపించినవాళ్ల విషయంలో అయితే సరే, ఎక్కడా కనిపించని వాళ్ల విషయంలో నాకు అస్సలు నచ్చదు, ఆ మాట విని ఇంటికెళ్లి పడుకున్నవాళ్లే రక్తం లోపల కారిపోయి అర్ధరాత్రి క్యాజువాలిటీకి వస్తుంటారు.

నొప్పి లేదు కదా అంటారు. ట్యూబు పగిలేదాకా కొందరికి నొప్పి పెద్దగా ఉండదు. బీటా వెయ్యే ఉంది కదా అని ధైర్యం వద్దు, తక్కువ నంబర్ల దగ్గర కూడా ట్యూబులు పగులుతాయి. కడుపులో ఒక పక్క పోటు, భుజం చివర నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, చెమటలు పట్టడం, వీటిలో ఏది వచ్చినా ఫలానా డాక్టరే కావాలని చూడకండి, దగ్గర్లో ఆపరేషన్ థియేటర్ ఉన్న చోటికి, లేదంటే 108కి ఫోన్ చేసి జీజీహెచ్‌కి (ప్రభుత్వ పెద్దాసుపత్రికి). వేరే ల్యాబ్‌కి మారుద్దామన్న మీ మామగారి ఆలోచన కూడా వద్దండీ, ఒక్కో ల్యాబ్‌లో మిషన్ వేరు, కిట్ వేరు, అదే రక్తానికి నంబరు కొంచెం తేడాగా వస్తుంది. అరండల్‌పేటలో ఒకటి, కొత్తపేటలో ఒకటి చేయించి రెండిటినీ పక్కపక్కన పెడితే తేడా రక్తంలో ఉందో మిషన్లో ఉందో ఎవరికీ తెలీదు. నమ్మకం లేకపోతే రెండో డాక్టర్ అభిప్రాయం తీసుకోండి, శుభ్రంగా తీసుకోండి, కానీ ఇవాళే తీసుకోండి, ల్యాబ్ మాత్రం మార్చకండి.

ట్యూబ్‌లోనే అని తేలితే ప్రతిసారీ ఆపరేషనే అక్కర్లేదు. నంబరు తక్కువగా ఉండి, రక్తం కారకుండా, గుండె చప్పుడు లేకుండా ఉంటే మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్‌తో కరిగిస్తారు. ఆ ఇంజెక్షన్ వేశాక నాలుగో రోజు, ఏడో రోజు బీటా చేస్తారు, నాలుగో రోజుకి పెరిగినా భయపడొద్దు, అది చాలామందికి పెరుగుతుంది, నాలుగు నుంచి ఏడుకి కనీసం 15 శాతం తగ్గిందా అన్నదే లెక్క. తగ్గితే ఇక వారానికోసారి, సున్నా అయ్యేదాకా. ఆ రోజుల్లో ఫోలిక్ యాసిడ్ టాబ్లెట్ ఆపేయాలి, అది మందుకి అడ్డం పడుతుంది, గర్భం కోసం మంచిదని అలవాటుగా వేసుకునేవాళ్లు ఇక్కడే పొరపాటు పడతారు. ఇంజెక్షన్ తర్వాత మూడు నెలల దాకా మళ్లీ గర్భం వద్దు.

ప్రశ్న: మంగళగిరి నుంచి రాస్తున్నా మేడమ్. డి అండ్ సి (గర్భసంచి శుభ్రం) చేశాక బయాప్సీలో పార్షియల్ మోల్ అని వచ్చింది. వారం వారం బీటా చేయించమన్నారు, పిల్లల కోసం ఇప్పుడే చూడొద్దన్నారు. ఇది క్యాన్సరా? నాకు 33, ఇప్పటికే ఆలస్యమైందని ఇంట్లో గొడవ.

జవాబు: క్యాన్సర్ కాదమ్మా. ముత్యాల గర్భంలో ఇదొక రకం. ఒక అండంలోకి రెండు వీర్యకణాలు దూరడం వల్ల క్రోమోజోముల లెక్క తప్పి, మాయ ద్రాక్షగుత్తిలా ఉబ్బుతుంది. పార్షియల్ రకంలో వందలో ఒకరి నుంచి ఐదుగురికి మాత్రమే ఆ కణాలు లోపల మిగిలి మళ్లీ పెరుగుతాయి, కంప్లీట్ రకంలో అయితే 15 నుంచి 20 మందికి. ఆ కొద్దిమందిని ముందే పట్టుకోవడానికే ఈ వారం వారం పరీక్ష. టైముకి పట్టుకుంటే మందులతో దాదాపు అందరికీ నయమైపోతుంది, గర్భసంచి కూడా నిలుస్తుంది, తర్వాత పిల్లలు పుడతారు. ఇంత బాగా నయమయ్యే జబ్బు మధ్యలో పరీక్షలు మానేసినవాళ్లకే ప్రమాదంగా మారుతుంది.

వరసగా మూడు వారాలు నార్మల్ వచ్చేదాకా వారానికోసారి చేయిస్తారు, తర్వాత నెలకోసారి, ఎన్ని నెలలన్నది మీ రకాన్ని బట్టి డాక్టర్ చెప్తారు, పార్షియల్‌కి తక్కువే పడుతుంది. నాలుగు పరీక్షల్లో, అంటే మూడు వారాల పాటు నంబరు కదలకపోయినా, వరసగా మూడు పరీక్షల్లో పెరుగుతూ పోయినా అప్పుడు చికిత్స గురించి ఆలోచిస్తారు. ఈలోపు గర్భం వద్దనేది మీ శరీరం బలహీనంగా ఉందని కాదు, కొత్త గర్భం వస్తే దాని హార్మోను పాతదాన్ని కప్పేస్తుంది, చూసే కిటికీ మూసుకుపోయినట్టే. గర్భనిరోధక మాత్రలు వాడొచ్చు, వాటివల్ల బీటా రిపోర్టు మారదు. 33 అంటే ఆలస్యమైపోయిన వయసేం కాదు, కొద్ది నెలలు కూడా ఆగలేనంత తొందర మీ ఇంట్లో వాళ్లకి ఉంటే ఈ కాగితం వాళ్లకే ఇవ్వండి.

ప్రశ్న: రెండు నెలల క్రితం అబార్షన్ అయింది, బీటా 3కి వచ్చేసింది, పీరియడ్ కూడా వచ్చింది. ఆరు నెలలు ఆగాలని ఒకరు, అక్కర్లేదని ఒకరు. ఎవరి మాట వినాలి? (పటమట, విజయవాడ)

జవాబు: ఆరు నెలల మాట 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, అందుకే చాలామంది డాక్టర్లం అలా చెప్పడం అలవాటైపోయింది. తర్వాత వచ్చిన అధ్యయనాలు కలిపి చూస్తే ఆరు నెలల లోపు నిలిచిన గర్భాలకి ఎక్కువ నష్టమేమీ కనపడలేదు. మీకు నంబరు దిగింది, పీరియడ్ వచ్చింది, రక్తం తక్కువ లేదు అనుకుంటే మీ ఇద్దరి మనసు సిద్ధంగా ఉన్నప్పుడు ప్రయత్నించండి. ఫోలిక్ యాసిడ్ ఇప్పట్నుంచే మొదలుపెట్టండి. ఇదివరకు ముత్యాల గర్భమో, మెథోట్రెక్సేట్ ఇంజెక్షనో ఉన్నవాళ్లకి మాత్రం ఈ జవాబు వర్తించదు, పైన రాసింది చూసుకోండి.

ప్రశ్న: గుంటూరులో ప్రైవేట్ కంపెనీలో చేస్తున్నా. అబార్షన్‌కి లీవ్ ఇవ్వరు, సిక్ లీవ్ పెట్టుకోమన్నారు. బీటాల కోసం తిరగడానికే నా సెలవులన్నీ అయిపోయాయి.

జవాబు: నేను లాయర్‌ని కాదు కానీ ఇది మాత్రం గట్టిగా చెప్పగలను, గర్భం పోయిన వాళ్లకి ఆ మర్నాటి నుంచి ఆరు వారాలు జీతంతో సెలవు 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలోనే ఉండేది, 2025 నవంబరులో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ ఉంది. ఆ చట్టం వర్తించే సంస్థ అయితే అది మీ హక్కు, దయ కాదు. స్కానింగ్ రిపోర్టు, డిశ్చార్జి కాగితం, డాక్టర్ సర్టిఫికెట్ జత చేసి రాతపూర్వకంగా పెట్టండి, నోటిమాటగా అడిగితే నోటిమాటగానే కాదంటారు.

ప్రశ్న: నా బ్లడ్ గ్రూప్ ఓ నెగటివ్. అబార్షన్ అయినా యాంటీ డి ఇంజెక్షన్ (నెగటివ్ తల్లి రక్తం బిడ్డ పాజిటివ్ రక్తానికి ఎదురు తిరగకుండా వేసేది) కావాలా? (సత్యనారాయణపురం, విజయవాడ)

జవాబు: మీవారిది కూడా నెగటివ్ అయితే అక్కర్లేదు. పాజిటివ్ అయితే ఎన్నో వారం, డి అండ్ సి జరిగిందా, బ్లీడింగ్ ఎంత అన్నదాన్ని బట్టి నిర్ణయిస్తారు, వేయాలంటే 72 గంటల్లోపు వేయాలి, కాబట్టి అడ్మిట్ అయిన రోజే మీ గ్రూప్ సంగతి మీరే నోరు తెరిచి చెప్పండి, ఫైల్లో ఉందిలే అనుకోవద్దు.

ప్రశ్న: జుట్టు రాలుతోందని బయోటిన్ టాబ్లెట్ రోజూ వేసుకుంటున్నా. బీటా టెస్టుకి పరగడుపున వెళ్లాలా? (లక్ష్మీపురం, గుంటూరు)

జవాబు: భలే అడిగారు, ఇది ఎవరూ చెప్పరు. కొన్ని ల్యాబ్ మిషన్లు ఈ హార్మోనుని పట్టుకోవడానికి బయోటిన్‌నే వాడతాయి, మీ రక్తంలో అది ఎక్కువగా ఉంటే నంబరు ఉన్నదానికన్నా తక్కువ చూపించొచ్చు, గర్భం పోయాక తగ్గిందో లేదో చూసుకునే టైములో అది అనవసరమైన తంటా. జుట్టు టాబ్లెట్లలో మోతాదు బాగా ఎక్కువ ఉంటుంది, పరీక్షకి ముందు కొద్ది రోజులు ఆపమంటారేమో మీ డాక్టర్‌ని అడగండి, ల్యాబ్‌లో రక్తం తీసే అమ్మాయికి కూడా ఒక మాట చెప్పండి. పరగడుపు అక్కర్లేదు, టైము కూడా ఏదైనా పర్లేదు. ఇడ్లీ తినే వెళ్లండి.